యాభై మీటర్ల గురి

కళ్ళజోళ్ళ షాపు, మేడ మీద గది
జూన్ 3

పిన్నికి,

ఫోను చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. వస్తానంటే "ఈ నెల తీరిక లేదే" అంటావు. కాగితానికైనా జవాబిస్తావేమోనని కూర్చున్నాను. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో, అప్పుడే చెయ్యి లాగుతోంది.

అసలు విషయం చెప్తాను, కూర్చుని చదువు. నేను విలువిద్య నేర్చుకుంటున్నాను. అవును, నేనే. చిన్నప్పుడు నువ్వు మైదానానికి రమ్మంటే కడుపునొప్పని మంచమెక్కిన గడుగ్గాయినే. ముప్పై ఆరేళ్ళకి బుద్ధి పుట్టింది. షాపుకి రెండు వీధుల అవతల, మూతపడ్డ మిల్లు వెనక మైదానం ఉంది. ఎనిమిది నెలలుగా పొద్దున్నే ఆరింటికి వెళ్తున్నాను. ఎనిమిదింటికి తిరిగొచ్చి, స్నానం చేసి, తొమ్మిదిన్నరకి కిందికి దిగి, "ఈ వరస చదవండి, ఇప్పుడు ఎలా ఉంది?" అని జనాన్ని అడుగుతూ కూర్చుంటాను.

పద్దెనిమిది మీటర్ల దగ్గర నాకు తిరుగులేదు పిన్నీ. బాణం వదిలితే బోర్డు నడిమధ్య పసుపులోనే. మిగతావాళ్ళు నన్ను చూసి ఈర్ష్య పడేవాళ్ళు. "పడేవాళ్ళు" అన్నాను, చూసుకో. గత నెల మమ్మల్ని యాభై మీటర్లకి తీసుకెళ్ళారు. ముప్పై ఆరు బాణాలు వేస్తే పదకొండు గడ్డిలో వెతుక్కున్నాను. మిగిలినవి బోర్డు మీద ఎక్కడ పడితే అక్కడ. మా కోచ్ పరుగు పందేల మనిషి, విల్లు ఆయనకి పైపైన తెలుసు. "ఇంకా గట్టిగా లాగండి మేడమ్" అంటాడు. నేను గురి చూడ్డానికి విల్లు మీద బిగించిన పిన్నును పైకీ కిందికీ జరిపి జరిపి విసిగిపోయాను. పిన్నీ, పిన్నూ ఇద్దరూ నా మాట వినకపోతే నేనెక్కడికి పోను?

నవంబరులో కొత్తవాళ్ళ జట్టు పోటీ ఉంది, యాభై మీటర్లలోనే. మా జట్టు ముగ్గురం. నేను, సిటీ బస్సులో పనిచేసే కండక్టరమ్మ, రిటైరైన లెక్కల మాస్టారు. ముగ్గురిలో నేనే గొప్ప షూటర్నని పేరు పెట్టేశారు. ఇప్పుడు ఆ పేరు నిలబెట్టుకోవాలి. స్పోర్ట్స్ స్కూల్లో పిల్లలకి విలువిద్య నేర్పేదానివి, నువ్వే చెప్పాలి.

నీ గడుగ్గాయి

*

స్పోర్ట్స్ స్కూల్ దగ్గర
జూన్ 11

గడుగ్గాయికి,

ముప్పై ఆరేళ్ళకి తగ్గిందా కడుపునొప్పి? సంతోషం.

పద్దెనిమిది మీటర్ల గొప్ప నాకు చెప్పకు. అక్కడ నీ తప్పు గోరంత ఉంటే బాణం వేలంత పక్కకి పోతుంది, అది కూడా పసుపులోనే పడుతుంది, నువ్వు మురిసిపోతావు. యాభైకి వచ్చేసరికి అదే తప్పు జానెడవుతుంది. దూరం కొత్త తప్పులు పుట్టించదు, ఉన్నవాటిని పెద్దవి చేసి చూపిస్తుంది.

ముందు ఆ పిన్ను మీద నుంచి చెయ్యి తియ్యి. బాణాలు ఒకచోట గుంపుగా పడాలి, ఎక్కడ పడినా సరే. గుంపు పడకుండా పిన్ను జరపడం, నీళ్ళు కదులుతుండగా ముఖం చూసుకోవడం లాంటిది. గుంపు పడ్డాక, అది కిందుంటే పిన్నునూ కిందికే జరుపు. పైకి కాదు. నువ్వు పైకి జరిపే ఉంటావు, అందరూ అదే చేస్తారు. పిన్ను బాణాల వెంట పోవాలి.

పద్దెనిమిది నుంచి యాభైకి దూకడం ఎవడి తెలివి? ఇరవై ఐదుకి వెళ్ళు. ఆరు బాణాలూ విస్తరంత చోటులో పడ్డాకే మరో ఐదు మీటర్లు వెనక్కి నడు.

ఇప్పుడు చెప్పు. మొదటి బాణాలు ఎక్కడ పడుతున్నాయి, చివరివి ఎక్కడ? పిన్ను పసుపు మీదికి వచ్చాక ఎంతసేపు ఆగుతున్నావు? చెయ్యి ఎక్కడ నొప్పి? నీ విల్లు ఏది? నారి లాగితే దాని బరువెంత? అన్నిటికీ జవాబు రాయి, ఒక్కటి మింగినా నాకు తెలుస్తుంది.

పిన్ని

*

మేడ మీద గది
జూన్ 20

పిన్నీ,

నీ ఉత్తరం మైదానంలో గట్టిగా చదివి వినిపించాను. "ఈవిడ మా బస్సు డ్రైవరుకి అమ్మలా ఉంది" అంది కండక్టరమ్మ. లెక్కల మాస్టారైతే నోటుపుస్తకం తీసి గోరెడు తప్పు యాభై దగ్గర ఎంతవుతుందో లెక్కవేసి, "మీ పిన్నిగారు సరిగ్గానే చెప్పారమ్మా" అని సంతకం పెట్టినంత పని చేశారు.

పిన్ను నిజంగానే పైకి జరిపాను. ఎలా కనిపెట్టావు?

మొదటి ఆరు బాణాలు ఫరవాలేదు. తర్వాత ఒక్కొక్కటే కిందికి జారతాయి. ఇరవై దాటాక గడ్డిలోకే. పసుపు మీద ఆగడమా? పిన్ను పసుపుని తాకగానే వదిలేస్తాను. ఆగితే వణుకొస్తుంది. ఆగుదామని మనసులో అనుకుంటాను, వేళ్ళు వినవు. నొప్పి కుడి భుజం వెనక, మెడ దాకా. షాపులో అద్దాలు పైఅరలో పెట్టాలంటే ఎడమ చేత్తో పెడుతున్నాను. ఎడమ మోచేతి లోపల నారి తగిలి నీలంగా కమిలింది.

విల్లు మామూలుదే. బరువు అడిగి చెప్తాను.

గడుగ్గాయి

*

జూన్ 27

మామూలుదే అన్నావు. నేర్చుకునేవాళ్ళకిచ్చే ఏ విల్లూ మనిషిని అంత వణికించదు. ఇరవై బాణాలకే భుజం విరిచే బరువు విల్లు నాకు తెలిసి మన ఇంట్లో ఒక్కటే ఉంది. ఎర్ర చెక్కపిడి, కింద చిన్న పగులు, దాని మీద నల్ల టేపు. నలభై రెండు పౌండ్లు. అవునా కాదా?

ఎవరికైనా ఇచ్చెయ్యమని అక్కకి చెప్పాను. కంటబడకూడదని చెప్పాను. ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు.

ఆ విల్లు వంచడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. నువ్వు ఎనిమిది నెలల్లో భుజం పాడుచేసుకుంటావు. పక్కన పెట్టు. ఇక ఉత్తరాలు వద్దు.

*

మేడ మీద గది
జూలై 2

పిన్నీ,

తిట్టు, పడతాను. కానీ వద్దంటే మానను.

అవును, అదే విల్లు. నువ్వు ఇల్లు మారిన రోజు అమ్మ దాన్ని దుప్పటిలో చుట్టి తెచ్చింది. "ఎవరికిస్తావే అమ్మా?" అన్నాను. "ఎవరికీ ఇవ్వను. దానికి విల్లు మీద కోపం తగ్గాక అడుగుతుంది. అప్పుడు లేదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? మంచం కింద తోసి నోరు మూసుకో" అంది. ఆరేడు నెలలు మంచం కిందే ఉంది. ఒకరోజు తుడుద్దామని తీసి, ఊరికే పట్టుకుని చూశాను. పిడి మీద నీ బొటనవేలు ఆనిన చోట చెక్క నున్నగా అరిగి ఉంది. నా వేలు సరిగ్గా అక్కడే కూర్చుంది. మర్నాడు మైదానానికి వెళ్ళాను. అంతే జరిగింది. అడగకుండా తీసినందుకు తప్పు నాదే. ఇవాళే క్లబ్బు వాళ్ళ దగ్గర ఇరవై ఆరు పౌండ్లది తీసుకున్నాను. నీది మళ్ళీ దుప్పటిలో ఉంది.

నేను దాచాను, నిజమే. మరి నువ్వు?

నీ ఉత్తరాలు అచ్చు కాగితాల వెనక రాస్తున్నావు. ముందువైపు చూశాను. నీటి మోటారు వాడే విధానం, పేజీ పన్నెండు. పక్కన ఎర్ర సిరాతో అక్షరదోషాలు దిద్ది ఉన్నాయి. ఆ "ళ" తోక నీదే, ఎక్కడున్నా పోలుస్తాను. మూలన ప్రెస్సు ముద్ర కూడా ఉంది. స్పోర్ట్స్ స్కూల్లో పిల్లలకి మోటారు పంపులు నేర్పుతున్నావా?

అమ్మకి చెప్పలేదు. నువ్వే చెప్పు, నాకు.

గడుగ్గాయి

*

మేడ మీద గది
ఆగస్టు 9

పిన్నీ,

జవాబు లేదు. సరే, నా కబురు నేను చెప్తాను.

తేలిక విల్లుతో మొదట సిగ్గేసింది. ఆటబొమ్మలా ఉంది. కానీ పసుపు మీద ఆగగలుగుతున్నాను. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు. నొప్పి తగ్గింది. ఇరవై ఐదు దాటాను, ముప్పై దాటాను, ముప్పై ఐదు దగ్గర గుంపు విస్తరంత కాదు, చాటంత ఉంది. ఇక్కడే ఆగిపోయాను. వదిలాక ఏదో అవుతోంది. ఏమిటో తెలియడం లేదు.

రాయకపోయినా ఫరవాలేదు. చదువుతున్నావని తెలుసు.

గడుగ్గాయి

*

ప్రెస్సు వెనక గది
ఆగస్టు 21

గడుగ్గాయికి,

ఈసారి తెల్లకాగితం కొన్నాను. ఏం లాభం, దొరికిపోయాక.

మెడకి చేసిన ఆ ఆపరేషన్ తర్వాత ఆరు నెలల్లో గొంతు వస్తుందన్నారు. రాలేదు. పద్దెనిమిది నెలలైంది. గాలి వస్తుంది, మాట వస్తుంది, చప్పుడు రాదు. పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడుతుంది, గది అవతలివాళ్ళకి పెదాలు కదలడమే కనపడుతుంది. పిల్లలు నన్ను సైరన్ మేడమ్ అనేవాళ్ళు, గుర్తుందా? డెబ్బై మీటర్ల అవతల బాణాలు ఏరుకునేవాడు నా కేకకి ఉలిక్కిపడేవాడు. ఆపరేషన్ అయ్యాక స్కూలుకి వెళ్ళాను. మొదటిరోజే "ఆగండి" అన్నాను, ఎవరూ ఆగలేదు. ఒకమ్మాయి బోర్డు వైపు నడుస్తోంది, ఇంకొకమ్మాయి నారి లాగుతోంది. పరుగెత్తి విల్లు పట్టుకున్నాను. ఏమీ కాలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు. ఆ సాయంత్రం నేనే తాళాలు అప్పగించి వచ్చేశాను. ప్రెస్సులో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఓనరు మంచివాడు.

అక్కకి చెప్పు. నాకు చెప్పే ధైర్యం లేదు.

ఇక నీ చాటంత గుంపు. నువ్వు వదలగానే బాణం ఎక్కడ పడిందో చూడ్డానికి విల్లు దించేస్తున్నావు. నేను చూడక్కర్లేదు, నీకు చిన్నప్పటి నుంచీ ఆత్రం ఎక్కువ. దగ్గర్లో చెల్లిపోతుంది, బాణం వెంటనే చేరుతుంది కాబట్టి. దూరానికి చెల్లదు. బాణం బోర్డుకి తగిలిన చప్పుడు వినేదాకా ఎడమ చెయ్యి ఉన్నచోటే ఉండాలి. రోజూ నాలుగడుగుల దూరంలో, కాగితం అంటించని ఉత్త గడ్డిబోర్డు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని ఇరవై బాణాలు వెయ్యి. గురి లేదు, మార్కుల్లేవు. నారి ప్రతిసారీ గడ్డానికీ ముక్కు కొసకీ ఒకేచోట తగలాలి, వదిలాక చెయ్యి నిలబడాలి. అంతే.

ఇంకొకటి. నువ్వు పిన్నునూ పసుపునూ రెండింటినీ స్పష్టంగా చూడాలని చూస్తుంటావు. దగ్గరిదీ దూరానిదీ ఒకేసారి స్పష్టంగా కనపడవని రోజూ జనానికి చెప్పేదానివి నువ్వే కదా. పసుపుని చూడు. పిన్ను మసగ్గా ఉండనీ. కొంచెం ఊగనీ. ఊగుతున్నదాన్ని ఆపుదామని చూసినప్పుడే చెయ్యి చెడుతుంది.

పిన్ని

*

మేడ మీద గది
సెప్టెంబరు 30

పిన్నీ,

అమ్మకి చెప్పాను. గిన్నె కడుగుతూ వింది. చాలాసేపు అదే గిన్నె కడిగింది. తర్వాత, "దాని కేకలు వినలేక నేను తలుపులేసుకునేదాన్ని. ఇప్పుడు వినాలనిపిస్తోంది" అంది. నీకు ఉత్తరం రాస్తానని నాలుగు కాగితాలు చింపింది.

నలభై ఐదు దాటాను! చెయ్యి నిలబెట్టడం మొదలుపెట్టాక వారంలో గుంపు సగమైంది. నీ ఉత్తరం చదివి కండక్టరమ్మ కూడా కళ్ళు మూసుకుని వేస్తోంది. ఎప్పుడూ ఒకే బాణం తనని మోసం చేస్తోందని ఆవిడ గొడవ. మాస్టారు అందరి బాణాలకీ అంకెలు రాసి, ఏది ఎక్కడ పడుతోందో పట్టిక వేశారు. నిజమే, ఆవిడ ఏడో నంబరు బాణం ఎప్పుడూ కుడికే. చూస్తే ఈక ఊడి ఉంది. "ఇన్ని నెలలు నన్ను నేను తిట్టుకున్నానండీ ఈ ముదనష్టపుదాని వల్ల" అని దాన్ని చెత్తబుట్టలో పడేసింది.

ఇక చెడ్డ కబురు. కోచ్‌కి బదిలీ అయింది. పోటీకి ఇంకా ఆరు వారాలే ఉంది. మాకు ఎవరూ లేరు. పిన్నీ, రావా? గట్టిగా అరవక్కర్లేదు, మేం ముగ్గురమే.

గడుగ్గాయి

*

ప్రెస్సు వెనక గది
అక్టోబరు 8

గడుగ్గాయికి,

రాను. అడగకు.

అక్క ఐదో కాగితం పంపింది. "తిన్నావా?" అని ఒక్క మాటే ఉంది. తిన్నానని రాశాను.

పోటీకి కావలసినవి ఇక్కడి నుంచే చెప్తాను. దూరానికి విల్లు ఎత్తేటప్పుడు చెయ్యి ఒక్కటే ఎత్తకండి. భుజాలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచి, నడుము దగ్గర నుంచి వంగండి. గాలి వీస్తే బోర్డు మీది జెండా చూడండి, మీ జుట్టు కాదు. గాలి ఎడమ నుంచి వస్తే బాణం కుడికి పోతుంది. కొత్తవాళ్ళు పిన్ను మరలు తిప్పుతూ కూర్చుంటారు. మీరు తిప్పకండి, పిన్నును కొంచెం ఎడమకి పెట్టి వదలండి.

అన్నిటికంటే ముఖ్యం ఇది. లాగాక ఏదైనా తేడాగా అనిపిస్తే వదలకుండా దించెయ్యి. ఊపిరి తీసుకుని మళ్ళీ లాగు. జనం చూస్తున్నారని, టైము అయిపోతోందని వదిలిన బాణాలన్నీ గడ్డిలోనే ఉంటాయి. దించడం ఓటమి కాదు. నాకు అది తెలియడానికి మూడు పతకాలు పోయాయి.

పిన్ని

*

మేడ మీద గది
నవంబరు 17

పిన్నీ! పిన్నీ! పిన్నీ!

గెలిచాం!

వరసగా చెప్తాను, లేకపోతే తిడతావు. పధ్నాలుగు జట్లు. పొద్దున్న గాలి లేదు. నేను మొదటి పద్దెనిమిది బాణాల్లో ఒక్కటి కూడా గడ్డిలో పడెయ్యలేదు. కండక్టరమ్మ వరసగా మూడు పదులు కొట్టి, "టికెట్, టికెట్, టికెట్" అంది. పక్క జట్టువాళ్ళు కూడా నవ్వారు. మధ్యాహ్నానికి మూడో స్థానంలో ఉన్నాం.

అప్పుడు లేచింది గాలి, ఎడమ నుంచి. అందరూ మరలు తిప్పడం మొదలుపెట్టారు. మేం తిప్పలేదు. పిన్నును ఎడమకి పెట్టి వేస్తూ పోయాం. గాలి తగ్గినప్పుడల్లా వాళ్ళ బాణాలు ఎడమకి, పెరిగినప్పుడల్లా కుడికి. మేం ఒక్కొక్క మార్కూ ఏరుకుంటూ పైకి వచ్చాం. చివరి మూడు బాణాలకి వచ్చేసరికి మొదటి స్థానంలో ఉన్న జట్టు తమవి వేసేసి కూర్చుంది. మా వాళ్ళిద్దరూ వేసేశారు. నాది ఒక్క బాణం మిగిలింది. మాస్టారు లెక్కవేసి నెమ్మదిగా అన్నారు. "తొమ్మిది పడితే మనది. ఎనిమిదైతే వాళ్ళది. నీకు చెప్పాలా వద్దా అని ఆలోచించానమ్మా, దాస్తే నీకు నచ్చదని చెప్తున్నాను."

లాగాను. నారి గడ్డానికి తగిలింది. పిన్ను పసుపు మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే జెండా ఫట్‌మంది, పిన్ను బోర్డు మీది నీలం వలయం దాకా కొట్టుకుపోయింది. వేళ్ళు వదిలెయ్యమంటున్నాయి. జూన్‌లో అయితే వదిలేసేదాన్ని.

దించేశాను.

వెనక జనం అందరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. "ముప్పై ఎనిమిది సెకన్లుంది, తొందరేమీ లేదు" అన్నారు మాస్టారు, టీ కోసం ఆగినట్టు. ఊపిరి తీసుకున్నాను. మళ్ళీ లాగాను. పిన్నును పసుపుకి ఎడమవైపు, ఎరుపు వలయంలో పెట్టాను. ఊగుతోంది, ఊగనిచ్చాను. ఎప్పుడు వదిలానో తెలియదు. చెయ్యి మాత్రం కదల్లేదు, చప్పుడు వినేదాకా.

బాణం పసుపూ ఎరుపూ కలిసే గీత మీద ఉంది. జడ్జి భూతద్దం తీసి వంగాడు. రోజూ జనం కళ్ళలోకి అద్దాలు పెట్టి చూసేదాన్ని, ఆ రోజు ఒకాయన అద్దంలోంచి చూస్తుంటే నేను ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆయన లేచి, "గీతకి తగిలింది. తొమ్మిది" అన్నాడు.

తర్వాత ఏమైందో నాకు సరిగ్గా తెలియదు. కండక్టరమ్మ నన్ను ఎత్తిందట. అమ్మ ఏడుస్తూ అందరికీ "దీనికి మా చెల్లెలు నేర్పింది, ఉత్తరాల్లో" అని చెప్పిందట.

నువ్వుండి ఉంటే!

గడుగ్గాయి

*

ప్రెస్సు వెనక గది
నవంబరు 20

గడుగ్గాయికి,

ఉన్నాను.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం ప్రెస్సులో ఒక్క అక్షరం కూడా దిద్దలేకపోయాను. ఓనరు చూసి, "వెళ్ళి రండి, అక్షరాలు ఎక్కడికీ పోవు" అన్నాడు. పొద్దున బస్సెక్కి వచ్చాను. మార్కుల బోర్డు పక్కన, కంచె అవతల నిలబడ్డాను. అక్కని చూశాను. జుట్టు నెరిసింది. నన్ను చూస్తే ఆట మానేసి ఇటొస్తారని తల మీద చున్నీ కప్పుకున్నాను.

నీ భుజాలు బాగున్నాయి. ఎడమ మోచెయ్యి ఇంకా కొంచెం లోపలికి తిప్పుతున్నావు, తర్వాత చూద్దాం. మాస్టారి నిలుకడ నాకు నచ్చింది. ఆ కండక్టరమ్మకి పెద్ద విల్లు ఇవ్వచ్చు, ఆవిడ లాగగలదు.

నువ్వు దించినప్పుడు నా పక్కన నిలబడ్డావిడ "పాపం, భయపడింది" అంది. నాకు కోపం వచ్చింది. భయపడలేదు, భయపడేవాళ్ళు వదిలేస్తారు, అని చెప్పాలనుకున్నాను. అంతలో నువ్వు మళ్ళీ లాగావు. నీ చెయ్యి బాణం తగిలేదాకా రాయిలా నిలబడింది. జడ్జి తొమ్మిది అన్నాడు.

నేను అరిచాను. ఎప్పుడు నోరు తెరిచానో తెలియదు, రెండు చేతులూ కంచె మీద కొట్టి, ఒంట్లో ఉన్న గాలంతా పెట్టి అరిచాను. పెద్ద చప్పుడేమీ రాలేదు. గుడ్డ చిరిగినంత చప్పుడు వచ్చింది. కానీ పక్కనావిడ తిరిగి చూసి, "మీ అమ్మాయా?" అంది. "నా శిష్యురాలు" అన్నాను. ఆవిడకి వినపడింది. "బాగా నేర్పారండీ" అని నా చెయ్యి పట్టుకుంది. అక్కడే కంచె పట్టుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత బస్సెక్కేశాను, ముఖం బాగాలేదు.

రెండు రోజులు ఆలోచించాను. ప్రెస్సుకి వారానికి నాలుగు రోజులే వస్తానని చెప్పాను. ఓనరు సరేనన్నాడు. బజారుకి వెళ్ళి ఈలలు ఊది చూశాను. మూడోది బాగుంది, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి వినపడుతుంది. ఒక్క ఈలకి ఆగాలి, రెండింటికి గీత మీదికి రావాలి. ఎవరైనా తప్పితే వాళ్ళ విల్లు నేను తీసేసుకుంటాను. మీ ముగ్గురికే కాదు, ఆ మైదానంలో నేర్చుకుంటానన్న అందరికీ. కొత్తవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క రాయి.

అక్కకి చెప్పు, ఆదివారం మీ ఇంట్లోనే తింటాను, తిన్నావా అని అడగక్కర్లేదు.

ఆదివారం తొలి బస్సుకి దిగుతాను. ఏడింటికల్లా అందరూ ముప్పై మీటర్ల గీత మీద ఉండాలి. ఆలస్యంగా వస్తే అరవను. పక్కకి వచ్చి చెవిలో చెప్తాను. అది అరుపు కంటే భయంకరంగా ఉంటుందని మా ఓనరు అంటున్నాడు.

పిన్ని